తలకిందుల జోజప్ప

"ఇంకాస్త లోతుగా తవ్వు జగదీశ్," అన్నాడు బాలశౌరి, జానెడు ఎత్తున్న పునీత జోజప్ప స్వరూపాన్ని తలకిందులుగా పట్టుకుని.

అలా పెరట్లో పాతితే తన మొయినాబాద్ ఇల్లు ఇట్టే అమ్ముడుపోతుందని ఎవరో చెప్పారట. ఆ పిచ్చి చూసి భార్య లూర్దమ్మకి అప్పటికే ఒళ్ళు మండుతోంది.

"ఈయన అమ్మిపెడ్తడా సారూ?" అడిగాడు అదే ఇంట్లో కిరాయికుంటున్న జగదీశ్.

"నిండు చూలాలైన భార్య మరియమ్మని వెంటబెట్టుకుని, చోటు కోసం గడపగడపా తొక్కినవాడయ్యా! ఇళ్ళ సంగతి ఆయనకి తెలియదా?"

జగదీశ్ గడ్డపార ఆపాడు. "మా ఆమెకు గూడ నెలలు నిండినయి సారూ. కాన్పయ్యేదాంక ఉండనియ్యుండ్రి."

"కొనేవాళ్ళకి ఖాళీ ఇల్లే కావాలి. ఆదివారానికల్లా వెళ్ళిపోవాలి."

లూర్దమ్మ స్వరూపాన్ని లాక్కుంది.

"బెత్లెహేములో తలుపేసినవాళ్ళే నయమండీ! చోటు లేదు పొమ్మన్నారు గానీ, ఆయన చేతే గొయ్యి తవ్వించి ఆయన్నే పాతిపెట్టలేదు."