దువ్వాడ మాట వినదు

"జీ!" అని అరిచాడు దివాకర్.

మంచు మీద స్లెడ్జి బండి లాగే కుక్కల భాషలో జీ అంటే కుడి, హా అంటే ఎడమ. సిలబస్ అంతే.

ఎనిమిది కుక్కల జట్టుకి ముందు నడిచే దువ్వాడ ఆగింది. కుడి పక్క చిత్తడి నేల. దాన్ని చూసింది. వెనక్కి తిరిగి దివాకర్‌నీ చూసింది. ఎడమకి పోయింది. మిగతా ఏడూ దాని వెనకే.

"మేడమ్, ఇది మాట వినడం లేదు!"

బండి వెనక సీట్లో కూర్చున్న జ్ఞానప్రసూన చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంది.

మిషిగన్‌కి పై కొసన, అడవి మధ్య, ఆవిడ కుక్కల శాల. ముప్పై ఏళ్ళు సర్జన్‌గా చేసి రిటైరైంది. ఇప్పుడు స్లెడ్జి లాగే కుక్కల్ని పెంచుతోంది. వాళ్ళ నాన్న రైల్వే గార్డు. అందుకని కుక్కలన్నిటికీ జంక్షన్ల పేర్లు. కాజీపేట కరుస్తుంది. గూడూరు తిండిపోతు. డోర్నకల్ ఎప్పుడూ లేటు.

అక్టోబరు. మంచు ఇంకా పడలేదు. అందాకా కుక్కలకి కండ పట్టాలని నాలుగు చక్రాల మోటారు బండికి కట్టి లాగిస్తారు. అదీ తెల్లారుతూనే. ఎండెక్కితే వాటికి పడదు.

ఇక దివాకర్. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక కార్ల కంపెనీలో మేనేజరు. మేనేజరంటే ఏముంది? పని వచ్చినవాళ్ళకి పని రానివాడు చెప్పడం. ఇరవై ఏళ్ళు చెప్పాడు. కంపెనీ పీకేసింది. తర్వాత ఎనిమిది నెలలు ఇంట్లో భార్యకీ కూతురికీ చెప్పాడు. గిన్నెలు కడిగే పద్ధతి మీద మీటింగు కూడా పెట్టాడు.

ఆ మీటింగు అయ్యాకే భార్య రాగిణి ఈ ఉద్యోగం వెతికి పెట్టింది.

"ఇది కూడా రాలేదో, నేనూ పిల్లా చాండ్లర్‌లో మా అక్క దగ్గరికి పోతాం. మీరూ మీ మీటింగులూ ఇక్కడే ఉండండి," అంది.

అన్నంత పనీ చేసే మనిషి. దివాకర్‌కి తెలుసు.

మొదటి రోజే జ్ఞానప్రసూన కుక్కల ముందు నిలబడి తేల్చి చెప్పింది.

"ఆరు రోజులు పరీక్ష. పాసైతే చలికాలమంతా ముందుండి నడపడం. ఫెయిలైతే లేదు. నేను నోరు విప్పను. చూస్తానంతే."

"లీడర్‌షిప్ నాకు కొత్తేం కాదు మేడమ్," అన్నాడు దివాకర్.

జీ ఏదో, హా ఏదో ఆవిడ ఒకసారి చెప్పింది. దివాకర్ రాసుకోలేదు. మేనేజర్లు రాసుకోరు.

పెంట ఎత్తాడు. మాంసం సూపు కాచి గిన్నె గిన్నెకీ పోశాడు. గోళ్ళు కత్తిరించాడు. కాజీపేట రెండుసార్లు కరిచినా ఓర్చుకున్నాడు. వీటికి మార్కులున్నట్టు లేదు. ఆవిడ పుస్తకం తెరిచేది బండి కదిలాకే.

బండి కదిలితే కథ మామూలే. ఇతను ఒకటి అంటాడు, దువ్వాడ ఇంకోటి చేస్తుంది. రోజుకి ఒకటి రెండుసార్లు విన్నది కూడా. అప్పుడు దివాకర్ మీసం దువ్వాడు.

మూడో రోజు బండి మీదుండగా రాగిణి ఫోను.

"హా... హా... తిన్నాను. హా, బాగానే జరుగుతోంది."

హా అన్నప్పుడల్లా దువ్వాడ చెవి ఆడింది. కాలు మాత్రం తిన్నగానే నడిచింది.

నాలుగో రోజు దువ్వాడని పక్కకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు.

"చూడమ్మా. నువ్వూ నేనూ ఒక టీమ్. నీకేమైనా ఇబ్బందులుంటే నాతో ఓపెన్‌గా చెప్పు."

సాసేజీ పెట్టాడు. దువ్వాడ సాసేజీ తింది. మాట వినలేదు.

ఆరో రోజు. వాగు దగ్గర దారి రెండుగా చీలింది.

"హా!"

దువ్వాడ ఆగిపోయింది.

"హా అంటే అర్థం కాదుటే? ఇక్కడ బాసెవరు? నువ్వా, నేనా?"

దువ్వాడ కూర్చుంది. వెనక ఏడూ కూర్చున్నాయి. అచ్చమైన సమ్మె.

దివాకర్ బండి దిగాడు. పట్టీ పట్టుకుని గుంజాడు. కదల్లేదు. "దారెలా ఉంటుందో నేనే చూపిస్తా" అని ఎడమకి విసవిసా నడిచాడు. చెట్ల చాటున దబ్బుమని చప్పుడు.

అక్కడ వంతెన లేదు. వానలకి కొట్టుకుపోయింది.

నడుం దాకా తడిసి తిరిగొచ్చాడు.

"అది వేరే విషయం మేడమ్. మాట వినకపోవడం మాత్రం తప్పే," అన్నాడు పళ్ళు టకటకలాడుతుంటే.

ఆవిడ రాసుకుంది. ఈసారి కింద గీత కూడా గీసింది.

మధ్యాహ్నానికి దివాకర్ బ్యాగు సర్దేశాడు. రాగిణికి ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకుని చూశాడు. ఒక్కటీ అతకలేదు. అప్పుడొచ్చింది జ్ఞానప్రసూన. ఆరు రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదలు.

"పాస్! ముప్పై నాలుగుకి ముప్పై నాలుగు. ఇన్నేళ్ళలో నేను చూడలేదు."

దివాకర్ సర్దిన బ్యాగు మళ్ళీ తెరిచాడు. "అయితే నేను..."

"ఎక్కడికీ పోవద్దు. చలికాలమంతా ఇక్కడే. సోమవారం గూడూరుతో మొదలుపెడదాం."

అక్కడికక్కడే రాగిణికి ఫోను కొట్టాడు. "అక్కయ్యకి చెప్పెయ్, మీరు రావట్లేదని! చెప్పానా, లీడర్‌షిప్ అనేది రక్తంలో ఉండాలి!"

ఫోను పెట్టేశాక పాపం అనుమానం వచ్చింది. మనిషి మంచివాడే.

"కానీ మేడమ్, ఆ దువ్వాడ నా మాట విన్నదే తక్కువ కదండీ?"

"వినలేదు కనకే కదయ్యా దువ్వాడ పాసైంది, తప్పుడు ఆర్డర్లు ఇంత ధీమాగా ఇచ్చేవాడు ఈ ఉద్యోగానికి వచ్చిన పదకొండు మందిలో ఇంకొకడు లేకనే కదా నిన్ను పెట్టుకుంది!"