తిజానీ గారి లేపనం

"తాళంచెవులు బల్లమీద పెట్టాను. ఇక ఈ ప్రయోగశాల నీదే," అన్నాడు తిజానీ.

వసీలాకు తలెత్తబుద్ధి కాలేదు. చర్మం గురించి తనకు తెలిసిందంతా ఆ ముసలాయన నేర్పిందే. తమ ఎడారి ఊరు తోజర్ ఎండలకు ఒంట్లోని తడి ఎగిరిపోకుండా ఆయన ఆలివ్ నూనె, నల్లజీలకర్ర నూనె కలిపి ఒక లేపనం చేశాడు. జుట్టు నెరిసేదాకా దాని వెంటే పడ్డాడు.

పరీక్షించే పని వసీలాకు పడింది. ఖర్జూరాలు ఏరే ఆడవాళ్లకు తలా ఒక డబ్బా ఇచ్చి, కుడి ముంజేతికి రాసుకోండి, ఎడమది వట్టిగా వదిలేయండి అని చెప్పింది. నెల తిరిగాక వాళ్లను చల్లటి గదిలో చెమట ఆరేదాకా కూర్చోబెట్టి యంత్రంతో కొలిచింది. ప్రతి ఒక్కరికీ కుడిచేతి నుంచే తడి ఎక్కువ పోతోంది.

"ఇంకోసారి కొలుద్దాం ఉస్తాద్."

"ఎన్నిసార్లు కొలిచావో నేను చూళ్లేదా? యంత్రానికి నామీద కక్షేముంటుంది తల్లీ? ఏమీ రాయకపోతేనే చర్మానికి మేలని తేల్చావు. మంచిదేగా."

ఆయన సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. పైవాళ్లు లేపనం పని ఎప్పుడో ఆపేశారు. ఆ కొలతల మీద వసీలా రాసిన వ్యాసానికి పేరొచ్చింది, ఆయన కుర్చీ ఆమెకిచ్చారు. గురువును లేపి కూర్చున్నానని ఆమెకు బాధే. కానీ నిజమే చెప్పానన్న గర్వమూ ఉంది. నిజాయితీ ఒక్కోసారి జీతం కూడా పెంచుతుంది.

సాయంత్రం మబ్రూకా వచ్చింది. ఖర్జూరాల ఆడవాళ్లకు ఆవిడే పెద్ద.

"ఆ లేపనం ఇంకో డబ్బా ఇస్తావా అమ్మా?"

"అది మానేశాం ఖాలా. మంచిది కాదని తేలింది."

"ఎవరు తేల్చారు?"

"యంత్రం."

"దానికి కళ్లు పోయాయేమో. మా అందరికీ చెయ్యి ఎంత నున్నగా అయిందనుకున్నావు."

వసీలా నవ్వింది. "రోజూ రాసుకున్నారా అసలు?"

"బిస్మిల్లా అనుకుని మరీ రాశాం. నువ్వు చెప్పినదాంట్లో ఒక్కటే కుదర్లేదు. పెద్ద చదువుదానివి, నొచ్చుకుంటావని చెప్పలేదు."

"ఏం కుదర్లేదు?"

"కుడిచేతికి రాయాలంటే ఎడమచేత్తో ముట్టుకోవాలి కదా. నల్లజీలకర్ర నూనె దేవుడిచ్చిన దీవెన, దాన్ని ఆ చేత్తో ఎవరైనా ముట్టుకుంటారా?" అంది మబ్రూకా. "అందరం ఎడమచేతికే రాసుకున్నాం."