ఉప్పులో పెట్టిన కాడ

"బ్లేడు ఎట్టినావా? బ్రష్షు? తెల్లకోటు?" వరహాలమ్మ సంచీ జిప్పు మూడోసారి తెరిచింది.

"అన్నీ ఉన్నాయి అమ్మమ్మా. ఆముదం కాడేది?"

"అడుగున ఎట్టినాను, వాడిపోకుండా."

తొమ్మిదిన్నరకు ద్వారకా నగర్ కాలేజీలో శ్రీవల్లికి ఇంటర్ బోటనీ ప్రాక్టికల్ పరీక్ష. కోసి చూపించాల్సిన కాడ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. నిమిషం దాటితే గేటు తియ్యరు. అయినా జాలరిపేట నుంచి పిల్లను ఒక్కర్తినే పంపనంది వరహాలమ్మ. ఆ పూట చేపల బుట్ట కూడా ఎత్తలేదు.

"బస్సొద్దు, ఆటోలో ఎల్దాం. ఆర్టీసీ కాంప్లెక్సు బస్టాండులో దిగొద్దు."

"ఆ కాంప్లెక్సు నిన్నేటి సేసింది? ఆటోలు ఆగట్లేదు, పద. నీ మొండితనమే నాకూ వచ్చిందంటారు ఊరంతా."

బస్సులో వరహాలమ్మ పుస్తకం తెరిచింది. మనవరాలి పుస్తకాల మీదే అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చింది.

"లేత కాడ వంగినా ఇరగదెందుకు?"

"స్థూలకోణ కణాలు. గోడల మూలల్లో సెల్యులోజు, పెక్టిన్ మందంగా పేరుకుంటాయి. బతికున్న కణాలే, సాగుతాయి."

"మరి నార?"

"అది దృఢ కణజాలం. గోడకి లిగ్నిన్ పట్టి గట్టిపడతాది. లోపలి కణం సచ్చిపోతాది."

"సచ్చినాక ఏటి మొయ్యగలదే?"

"మొక్కని నిలబెట్టేది ఎక్కువ అదే మరి."

కాంప్లెక్సులో దిగి, బెంచీ మీద కూర్చుని శ్రీవల్లి సంచీ అడుగున చెయ్యి పెట్టింది. తడిగుడ్డలోంచి కాడ పాములా వేలాడింది.

"ఇదేటి, ఉప్పా?"

"సేపలకి ఏసినట్టే ఐసూ ఉప్పూ ఏసినాను. తాజాగా ఉంటాదని."

"కాడలో నీళ్లన్నీ ఉప్పే లాగేసింది అమ్మమ్మా. ఇది బ్లేడుకి తెగదు." శ్రీవల్లి గడియారం చూసింది. తొమ్మిదీ పది. "ఈ కాంప్లెక్సు గోడెనక ఆముదం మొక్కలుంటాయి. నువ్విక్కడే కూకో, ఇప్పుడే వచ్చేత్తాను."

"నానూ వత్తాను."

"నీ మోకాళ్లతో గోడెక్కుతావేటి?"

వరహాలమ్మ చెయ్యి వదల్లేదు. శ్రీవల్లి ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీసుకుని జనంలో కలిసిపోయింది.

సంచీని ఒళ్లో పెట్టుకుని వరహాలమ్మ అటే చూస్తూ ఉండిపోయింది. ఎవరో జరగమన్నారు. జరగలేదు. ఒక బస్సు అడ్డంగా వచ్చి ఆగితే లేచి నిలబడింది. తొమ్మిదీ పదిహేను. పదిహేడు.

శ్రీవల్లి పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో పచ్చి కాడ, మోచేతి మీద గీరుకుపోయిన గుర్తు.

"ఏడుత్తన్నావేటి? ఎనిమిది నిమిషాలే కదే."

"ఏం లేదు. పద, గేటేసేత్తారు."

2008 కార్తీకంలో ఇదే బెంచీ మీద, చంటి శ్రీవల్లిని ముక్కూ మొహం తెలియని చేపలమ్మ వరహాలమ్మ ఒళ్లో పెట్టి పాలకని వెళ్లిన తల్లి తిరిగి రాలేదు.