కృతికి పుల్లమజ్జిగ

పప్పు నానబెట్టాలి. మనవడు శ్రేయాస్ సాక్సులు జతలు కలపాలి. ఆయనకి బీపీ మాత్ర గుర్తు చేయాలి. ఫ్రీమాంట్ ఆవిడ కరివేపాకుకి పట్టిన పిండినల్లికి వేపనూనె సంగతి రాయాలి. అన్నిటికన్నా ముందు, పేరు చెప్పని ఆ అమ్మాయి తన మొక్కని పారేయకుండా ఆపాలి.

లక్ష్మీకాంతం కళ్ళజోడు సవరించుకుని ఫోన్ తెరిచింది. కిటికీ అవతల అరోరా ఊరంతా మంచు కింద ముసుగుతన్ని పడుకుంది.

“తెరిచావా ఆసుపత్రి?” అన్నాడు భర్త భీమశంకరం. “కొడుకింటికి చుట్టపుచూపుగా వచ్చి ఫీజు లేని డాక్టరమ్మవయ్యావు.”

“ముందు మీరు మాత్ర వేసుకోండి, పేషెంటుగారూ.”

అమెరికాలో కరివేపాకు పెంచుకునే తెలుగువాళ్ళ గ్రూపు అది. చలికి ఆకులు రాలగానే మొక్క చచ్చిపోయిందనుకుని సగంమంది కుండీతో సహా పారేస్తారు. ఆ పొరపాటు జరగకుండా చూడటమే ఆవిడ తలకెత్తుకున్న పని.

“ఆకులన్నీ రాలి వట్టి పుల్లలా మిగిలింది. చూస్తే విసుగొస్తోంది. ఇక పారేయడమే మంచిదేమో,” అని రాసింది ఆ అమ్మాయి.

“వద్దు తల్లీ. అది నిద్రపోతోందంతే. లోపల పచ్చగానే ఉంటుంది. ఏదీ, ఫొటో పెట్టు.”

“ఫొటో తీసేలా లేదు ఆంటీ.”

“ఎవరిచ్చిన మొక్క?”

“మా అమ్మ. మొదట్లో ఎంత కళకళలాడేదో!”

“ఎక్కడ పెట్టావు?”

“మూల గదిలో. కర్టెన్లు వేసే ఉంటాయి.”

“అదీ సంగతి! చీకట్లో మగ్గిపోదూ? దక్షిణం కిటికీ దగ్గరికి జరుపు. కాసేపు పక్కన కూర్చుని పలకరిస్తూ ఉండు. పేరేమైనా పెట్టావా?”

“మొక్కకి పేరా?”

“మా ఊళ్ళో నా మొక్క పేరు చిట్టెమ్మ. పేరున్నదాన్ని ఎవరూ పారేయరు.”

వంటింట్లో కుక్కర్ కూసింది. అప్పుడొచ్చింది ఒక్క మాట.

“కృతి.”

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కృతి కబురు లేకుండా కాఫీ దిగేది కాదు. పుల్లమజ్జిగ పల్చగా కలిపి పొయ్యమంది లక్ష్మీకాంతం. కరివేపాకుకి అంతకు మించిన బలం లేదు.

“గ్లాసెడూ తాగేసింది ఆంటీ,” అని వచ్చింది జవాబు.

ఆవిడ మురిసిపోయి భర్తకి చదివి వినిపించింది.

“మొక్క తాగడమేంటే? ఆ పిల్లకి కాస్త తిక్కున్నట్టుంది.”

“మీకన్నా నయం. మీరు మజ్జిగకి కూడా వంక పెడతారు.”

ఒకరోజు మాత్రం, “ఇవాళ మళ్ళీ పారేద్దామనిపించింది,” అని రాసింది ఆ అమ్మాయి. లక్ష్మీకాంతం పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవలేదు. “ఒక్క చిగురు వచ్చేదాకా ఆగు. నాకోసం ఆగు,” అని రాసింది. హెర్న్‌డన్ నుంచి ఒకాయన, “మాదీ ఇలాగే మోడైంది. ఎండలు రాగానే చిగిర్చింది. ఆగండమ్మా,” అన్నాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఇంకెందరో వచ్చి అదే మాట అన్నారు.

మధ్యాహ్నం కునుకులో ఆవిడకి కల వచ్చింది. ఎవరెవరో మంచులో గుండ్రంగా నిలబడ్డారు. నడుమ సన్నటి పుల్ల. ఒక్కొక్కరే వచ్చి తమ శాలువా దానికి కప్పి, పేరు పెట్టి పిలిచి పోతున్నారు.

లేచేసరికి ఫోన్‌లో, “ఆగుతాను ఆంటీ,” అని ఉంది.

మంచు కరిగింది. పచ్చిక తొంగిచూసింది. ఒక ఉదయం, “చిగురేసింది ఆంటీ!” అని వచ్చింది. ఇండియాకి తిరుగు ప్రయాణం దగ్గరపడింది.

“వెళ్ళేలోగా కృతిని కళ్ళారా చూడాలి. ఎక్కడుంటావమ్మా?”

“పక్కనే, నేపర్‌విల్. అటు వెళ్ళాక మరిచిపోతారేమో దాన్ని.”

“చిట్టెమ్మనైనా మరుస్తాను గానీ కృతిని మరవను.”

కొడుకు కార్‌లో దింపి వెళ్ళాడు. లక్ష్మీకాంతం సీసా నిండా పుల్లమజ్జిగ పట్టుకుని తలుపు తట్టింది. వెనక భీమశంకరం, “పేషెంటుని చూడ్డానికి డాక్టరే రావడం ఇక్కడే చూశా,” అని గొణిగాడు.

తలుపు తీసిన అమ్మాయి బాగా చిక్కి ఉంది. తలంటుకుని జుట్టు ఆరబోసుకుంది. ఆవిడని చూసి నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

దక్షిణం కిటికీకి కర్టెన్లు లేవు. ఎండలో ఒక కుర్చీ, పక్కన ఖాళీ గ్లాసు. కుండీ మాత్రం ఎక్కడా లేదు.

లక్ష్మీకాంతం గదంతా కలయజూసింది. “పారేశావా తల్లీ? కృతి ఏది?”

అమ్మాయి ఆవిడ చేతిలోని సీసా రెండు చేతులా అందుకుంది.

“నేనే ఆంటీ, గుర్తు పెట్టుకోండి.”