హెడ్‌లైటు కన్ను తెరవలేదు

"ఇంకోసారి కిక్కు కొట్టి చూడరా," అన్నారు గంగాధర్ గారు.

దుర్గాసాయి కొట్టాడు. బండి భేషుగ్గా స్టార్టయింది. హారను మోగింది. వెనకాల ఎర్రలైటు కూడా వెలిగింది. హెడ్‌లైటు మాత్రం కన్ను తెరవలేదు.

రాజోలు పక్క పల్లెలో పెళ్ళిచూపులు ముగించుకుని, పెదనాన్న గంగాధర్ గారి పాత బండి మీద తమ ఊరు కొత్తపేట బయల్దేరబోతే ఇదీ వరస. కొబ్బరితోటల్లో అప్పుడే మసక చీకటి పడుతోంది. దారంతా కాలవగట్టు.

పిల్ల పేరు దివ్య. దుర్గాసాయికి తెగ నచ్చేసింది. కానీ గంటసేపు ఎదురెదురుగా కూర్చోబెట్టి, పెద్దలు రొయ్యల రేట్ల గురించి మాట్లాడుకున్నారే తప్ప వీళ్ళని రెండు ముక్కలు మాట్లాడుకోనిస్తేనా? మధ్యలో దుర్గాసాయి ఫోనొచ్చిందని ఓసారి, దివ్య కరివేపాకు కోసుకొస్తానని ఓసారి, గంగాధర్ గారు కిళ్ళీ ఉమ్మొస్తానని ఓసారి లేచి వెళ్ళడం తప్ప ఆ గంటలో విశేషమేమీ జరగలేదు.

చివరికి గంగాధర్ గారు గంభీరంగా, "ఇంటికెళ్ళి కబురు చేస్తావండి," అనేశారు. తండ్రి లేని దుర్గాసాయికి పెదనాన్న మాటే వేదం. ఇక్కడ చూస్తే, రేపు పొద్దున్నే దివ్యని చూడ్డానికి ముమ్మిడివరం నుంచి ఇంకో సంబంధం వాళ్ళు వస్తున్నారు. ఇవాళ ఊరికే వెళ్ళిపోతే దివ్య చేజారిపోయినట్టే. అతని ప్రాణం ఉసూరుమంది.

"పోనీ మా బండి తీసుకెళ్ళండి," అన్నారు దివ్య నాన్నగారు మాణిక్యాలరావు.

"అరువు బండి మీదా? పెళ్ళిచూపులకెళ్ళి అరువు బండి మీద తిరిగొస్తే ఊళ్ళో ఏవనుకుంటారండీ!"

"అయితే ఈ పూటకి ఇక్కడే భోంచేసి పడుకోండి. ఇంట్లో పండుగప్ప చేప పులుసు కాస్తన్నారు."

"రామ రామ! సంబంధం ఖాయం కాకుండా ఆడపిల్లోరింట్లో విస్తరి ముందు కూర్చోకూడదండి. కూర్చున్నావంటే మాటిచ్చేసినట్టే. మా తాతల నాటి ఆచారం. తప్పేది లేదు."

మాణిక్యాలరావు నిట్టూర్చి కూతుర్ని పిలిచారు. "మా అమ్మాయి ఎలక్ట్రికల్ డిప్లమా చేసిందండి. చూత్తాది."

దివ్య టార్చిలైటూ స్క్రూడ్రైవరూ పట్టుకుని వచ్చింది.

"బల్బు జోలికెళ్ళకమ్మా, నిన్ననే నా చేత్తో కొత్తది వేసేను. తేడా వైర్లలోనే ఉంటాది," అని చెప్పి గంగాధర్ గారు అరుగెక్కి కూర్చున్నారు. మాణిక్యాలరావు ఆయన పక్కన చేరారు. మళ్ళీ రొయ్యలు మొదలయ్యాయి.

ఎట్టకేలకు బండికి ఆ పక్కన ఆమె, ఈ పక్కన ఇతను. దుర్గాసాయికి ఒళ్ళంతా గాలిలో తేలిపోతున్నట్టుంది.

"టార్చి ఇలా పట్టుకోండి," అంది దివ్య. "బండి మీద కాదండి, నా మొహం మీద వేస్తన్నారు."

"ఆయ్... క్షమించండి."

ఆమె స్విచ్చు చూసింది. బాగుంది. అక్కణ్ణుంచి వైరు పట్టుకుని హ్యాండిల్ కిందకి వెళ్ళింది. అక్కడ వైర్లు కలిపే సాకెట్ ఊడి వేలాడుతోంది.

"ఇది దానంతటది ఊడలేదండి. ఎవరో పీకేరు."

దుర్గాసాయి నేల చూపులు చూశాడు. "నేనేనండి. ఇందాక ఫోనొచ్చిందని లేచేను కదండీ? ఫోను రాలేదండి. ఇంకాసేపు ఇక్కడుండొచ్చు కదా అనీ..."

దివ్య చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి.

"సర్లెండి, పెట్టేయండి."

అతను సాకెట్ బిగించి స్విచ్చు వేశాడు. లైటు వెలగలేదు!

"ఇదేంటండీ! నేను పీకింది అదొక్కటేనండి. మా అమ్మ మీదొట్టు!"

దివ్య కాసేపు గోరు కొరికింది. తర్వాత టాంకు కింద చెయ్యి పెట్టి ఒక నల్ల తీగ బయటికి లాగింది. "ఎర్తు వైరండి. ఇది ఊడితే లైటు రాదు."

"అది ఎవరు పీకేరండీ?"

"ఇందాక కరివేపాకుకని వెళ్ళేను చూడండి..."

దుర్గాసాయి నోరు తెరిచాడు. "కోసుకురాలేదా?"

"మా అమ్మ అడుగుతానే ఉందండి!"

ఇద్దరికీ నవ్వాగలేదు. ఒకరి నోరు మూతపడితే ఇంకొకరిది తెరుచుకుంటోంది. ఇష్టమేనా అని అతనడగలేదు, ఇష్టమేనని ఆమె చెప్పలేదు. ఇంకా అడగడానికేముంది, చెప్పడానికేముంది! నవ్వుతూనే ఆమె ఎర్తు వైరు బిగించింది. నవ్వుతూనే అతను స్విచ్చు వేశాడు.

లైటు వెలగలేదు.

"ఇంకేవన్నా పీకేరా?" అంది దివ్య.

"లేదండి. మీరు?"

"లేదండీ బాబూ!"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఈలోగా చీకటి చిక్కబడిపోయింది.

"ఏవైందిరా?" అరుగు మీంచి గంగాధర్ గారు కేకేశారు.

"వెలగట్లేదు పెదనాన్నా!" అన్నాడు దుర్గాసాయి. ఎంత దిగులుగా అందామనుకున్నా గొంతులో పండగ దాగలేదు.

లోపల్నుంచి దివ్య తల్లి సూర్యావతి గుమ్మంలోకి వచ్చింది. "పులుసు దించేనండి. విస్తళ్ళు వేసెయ్యమంటారా?"

మాణిక్యాలరావు గంగాధర్ గారి వైపు చూశారు. దివ్య స్క్రూడ్రైవరు గట్టిగా పట్టుకుంది.

గంగాధర్ గారు చీకటి వంక చూశారు, బండి వంక చూశారు, బరువుగా నిట్టూర్చారు.

"లైటు లేకుండా గట్టు మీద పోయి కాలవలో పడలేం కదండీ. కడుపు మాడ్చుకుని పడుకోనూ లేం. విస్తరి ముందు కూర్చున్నాక మాట తప్పడం మా వంశంలో లేదు. చేసేదేవుంది, వేసెయ్యమనండి."

"బావగారూ!" అంటూ మాణిక్యాలరావు ఆయన్ని అమాంతం కావలించుకోబోయారు.

"ఆగండాగండి, ముందు కాళ్ళు కడుక్కోనివ్వండి," అంటూ గంగాధర్ గారు గబగబా కుళాయి దగ్గరికి నడిచి, నీళ్ళ కోసం వంగారు.

జేబులోంచి జారబోయిన కొత్త బల్బుని ఒడుపుగా పట్టుకున్నారు.