రెండోసారి అన్నం

నాచారం చౌరస్తా పక్కనున్న మెస్సులో చంద్రశేఖర్‌కి ఆరోజు కూడా కన్నుకుట్టింది.

ఎదురు బల్ల దగ్గర ముసలాయన పళ్లెంలో జిలేబీ ఉంది.

ప్లేట్ మీల్స్‌కి స్వీటు ఇవ్వరు. గళ్ల పళ్లెంలో కప్పు అన్నం, పప్పు, ఒక కూర, సాంబారు, అంతే. ఇరవై రూపాయలు. కడుపునిండా తినాలంటే ముప్పై అయిదు పెట్టి ఫుల్ మీల్స్ తీసుకోవాలి. దాన్ని ఆకులో వడ్డిస్తారు.

ముసలాయన ముందున్నదీ గళ్ల పళ్లెమే!

"చూశావా? అడక్కుండానే జిలేబీ. రాసిపెట్టి ఉండాలి" అని పక్కనున్న వంశీకృష్ణతో గొణిగాడు.

వంశీకృష్ణ ఆఫీసులో కొత్తగా చేరాడు. బయట తిని డబ్బు మిగల్చడమెలాగో అతనికి నేర్పే బాధ్యతను చంద్రశేఖర్ తనే నెత్తినేసుకున్నాడు.

"ప్లేట్ మీల్సే తీసుకో. సర్వర్‌ని పేరు పెట్టి పిలువు. పిల్లల చదువులడుగు. రెండోసారి అన్నం ఎందుకు రాదో చూద్దాం."

నాగారంలో కొన్న ప్లాటుకి నెలనెలా వాయిదా కట్టాలి మరి. పూటకి పదిహేను మిగిలినా మిగిలినట్టే.

మొదట్లో సర్వర్ బుచ్చిరాములు, "ఎక్స్‌ట్రాకు ఎనిమిది రూపాయలు సార్" అని నలుగురిలో అనేసేవాడు. ఆర్నెల్లుగా ఆ మాట లేదు. ముసలాయన దగ్గర కాసేపు ఆగి, అన్నం బకెట్టుతో నేరుగా ఇటే వచ్చేవాడు.

అంతా తన మాటకారితనమేనని చంద్రశేఖర్ మురిసిపోయేవాడు.

అయినా జిలేబీ చూస్తే కడుపు మండేది.

ఆ ముసలాయనేమన్నా ఆఫీసరా? వెనక గోదాములో బస్తాలు మోసే హమాలీ. పేరు కొమురెల్లి. ఆయనకెందుకంత మర్యాద?

ఆరోజు చెయ్యి కడుక్కుని తిన్నగా ఓనరు పట్టాభిరామయ్య దగ్గరికెళ్లాడు.

"మీ మంచికే చెబుతున్నానండీ. ఆ పెద్దాయనకీ మీ సర్వర్‌కీ మధ్య ఏదో నడుస్తోంది. కాస్త కనిపెట్టండి."

మర్నాడు ఓనరు హాల్లోనే నిలబడ్డాడు.

కాసేపటికి ముసలాయన బల్ల దగ్గరున్న బుచ్చిరాములు దగ్గరికెళ్లి ఏదో అడిగాడు. గోడమీది నియమాల బోర్డు చూపించాడు. గ్రైండర్ మోతలో మాటలు వినపడలేదు.

బుచ్చిరాములు కోపంగా ఇటు తిరిగాడు. కొమురెల్లి లేచి అతని భుజమ్మీద చెయ్యేశాడు.

"ఊకో తమ్మీ, జర ఊకో" అన్నది మాత్రం వినపడింది.

కొమురెల్లి తువ్వాలు దులుపుకుని, ఎవరివంకా చూడకుండా వెళ్లిపోయాడు.

"మీరన్నది నిజమేనండీ. ఇద్దరి మధ్యా ఏర్పాటుంది. ఆపించేశాను" అన్నాడు ఓనరు.

చంద్రశేఖర్‌కి కడుపు చల్లబడింది. ఆరోజు సాంబారు కూడా రుచిగా అనిపించింది.

మర్నాడు ఎదురు బల్ల ఖాళీగా ఉంది. హాయిగా కూర్చుని, "రాములూ, కొంచెం అన్నం" అన్నాడు.

"ఎక్స్‌ట్రాకు ఎనిమిది రూపాయలు సార్."

ఓనరు చూస్తున్నాడేమో అనుకుని ఊరుకున్నాడు.

మూడో రోజూ అదే మాట. పిల్లల చదువులడిగాడు. బుచ్చిరాములు వినపడనట్టే వెళ్లిపోయాడు. సాయంత్రం నాలుగింటికే ఆకలి దంచేసింది.

నాలుగో రోజు చంద్రశేఖర్ ఉండబట్టలేకపోయాడు.

"ఏమయ్యా, ఆర్నెల్లు వేసినవాడివి ఇప్పుడేమొచ్చింది? మీ ముసలాయన సంగతి ఓనరుకి చెప్పాననా ఈ కక్ష?"

బుచ్చిరాములు బకెట్టు కింద పెట్టాడు.

"చెప్పింది మీరేనా సార్?"

"అవును, నేనే. ప్లేట్ టోకెన్ మీద జిలేబీలు పెడుతుంటే చూస్తూ ఊరుకోవాలా?"

"ఆయన ఏనాడు ప్లేట్ టోకెన్ తీస్కోలే. రోజూ ఫుల్ మీల్సే. జిలేబీ గందుకే. అన్నం మాత్రం చిన్న పళ్లెంల చాలనేటోడు."

చంద్రశేఖర్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఒకరి ఫుల్ మీల్స్ ఇంకొకరికి పెట్టొద్దని బోర్డు మీద ఉంది గద సార్. గదే తప్పన్నడు ఓనరు."

"ఇంకొకరికా? ఎవరికి?"

బుచ్చిరాములు చంద్రశేఖర్ పళ్లెంకేసి చూశాడు.

"గోదాములో ఉంటాడా ఇప్పుడు? నేనోసారి కలుస్తాను" అన్నాడు చంద్రశేఖర్.

"లేడు సార్. ఇగ చాతనైతలేదని పని ఇడిసిపెట్టి నిన్ననే కీసర దిక్కు బిడ్డ ఇంటికి పోయిండు. ఏ ఊరో నాకు తెల్వది."

బుచ్చిరాములు వంగి బకెట్టు అందుకున్నాడు.

"ప్లేట్ తీస్కుంటే పదిహేను రూపాయలు మిగుల్తయి గదనే అని నేనంటే, గా సారు అందరి ముంగట అడుగుతుంటే నాకు ముద్ద దిగుతలేదు, నా దాంట్ల మిగిలింది ఆయనకే పెట్టు అనేటోడు సార్."