సూది చిల్లులు

యుద్ధానికి పిలుపొస్తే, సర్కారు ఇచ్చిన గుమ్మం పరదా మీద ఆ మనిషి పేరు దానంతటదే కుట్టుపడే రోజులవి. మనిషి పోతే దారాలు ఊడిపోతాయి. వేరే కబురంటూ రాదు.

ఆ ఉదయం మగ్గం పని చేసే బంగారమ్మ ఇంట్లో కొడుకు భద్రం పేరు ఊడిపోయింది. సూది చిల్లులు మిగిలాయి. ఏడ్చి ఏడ్చి, జాకెట్లకు డిజైన్ దించినట్టే పరదాను కాగితం మీద పరిచి, చిల్లుల మీద నీలిమందు రుద్దింది.

"పేరు కింద యుద్ధం వద్దని రాసి ఊరంతా అంటిద్దామే," అంది కూతురు పావనితో.

పావని పరదా ఎత్తింది. కాగితం మీద భద్రం పేరు. దాని అడుగున, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ, ఎవరెవరివో నాలుగు పేర్లు.

"కొత్త పరదా అన్నారు కదమ్మా!"

అంటుండగానే పావని చేతిలో పరదా కదిలింది. ఎర్ర దారమొకటి 'పా' అని కుట్టి, తర్వాతి అక్షరం మొదలుపెట్టింది.